23 కిలోల లెక్క ఎలా తేలింది

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో హాప్కింటన్ అనే ఊరుంది. లిబర్టీ మ్యూచువల్ బీమా కంపెనీ అక్కడ ఒక పరిశోధనశాల నడిపేది. 1960లలో స్టోవర్ స్నూక్ అనే పరిశోధకుడు ఆ ప్రయోగశాలలో ఒక పెట్టెతో పని మొదలుపెట్టాడు. చూడ్డానికి ఫ్యాక్టరీల్లో సామాన్లు వేసుకునే మామూలు పెట్టే. కానీ దానికి అడుగు రెండు పొరలు. కింది పొరలో ఎంత బరువు దాచారో ఎత్తేవాడికి తెలియదు. పైన సీసపు గుళ్లు ఉంటాయి. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో నిజంగా బరువులెత్తే పని చేసేవాళ్లను కూలి ఇచ్చి పిలిపించి, ఆ పెట్టెను ఎత్తి దించే పని అప్పగించేవాళ్లు. బరువనిపిస్తే గుళ్లు తీసెయ్యొచ్చు, తేలికనిపిస్తే ఇంకొన్ని పోసుకోవచ్చు. ఆయాసం రాకుండా, ఒళ్లు అలిసిపోకుండా, నీరసం కమ్మకుండా రోజంతా ఎంత బరువుతో పని చేయగలరో అంతే ఉంచుకోమని చెప్పేవాళ్లు. అడుగున దాచిన బరువు ప్రతిసారీ మారుతుంది కాబట్టి గుళ్లను కళ్లతో చూసి అంచనా వేయడానికి వీల్లేదు. చివరికి బరువును తేల్చేది నడుమూ చేతులూ ఊపిరీ మాత్రమే.

ఎంత బరువు ఎత్తాలో ఎత్తేవాడినే అడగడం ఇప్పుడు మనకు చిన్న విషయంగా అనిపించవచ్చు. గోదాముల చరిత్రలో మాత్రం అది పెద్ద మలుపు. అంతకుముందు బరువును నిర్ణయించింది సంచి కుట్టేవాడు, పెట్టె చేసేవాడు, సరుకు కొనేవాడు. సంచిలో ఎంత పడితే అంత బరువు. ఎత్తలేనివాడు ఆ పనికి పనికిరాడు, అంతే.

బీమా కంపెనీ ఈ గొడవలో ఎందుకు తలదూర్చిందంటే, పనిలో దెబ్బతిన్నవారికి పరిహారం కట్టేది అదే. అలా కట్టే డబ్బులో నడుము నొప్పులకే పెద్ద వాటా పోయేది. వేలు తెగితే కారణం కంటికి కనిపిస్తుంది, యంత్రానికి కంచె కడతారు. నడుము అలా కాదు. ఏళ్ల తరబడి లోలోపల అరిగి, ఏదో ఒక రోజు తేలికైన పెట్టె దగ్గర పట్టేస్తుంది. అప్పుడు తప్పు మనిషి మీదికి పోతుంది. సరిగ్గా వంగలేదనో, ఒంట్లో సత్తువ లేదనో, ముందునుంచే జబ్బుందనో అంటారు.

ఆ నమ్మకం మీదే అప్పటి జాగ్రత్తలన్నీ నిలబడి ఉండేవి. పనిలో చేర్చుకునే ముందు వెన్నుకు ఎక్స్‌రే తీసి బలమైనవాళ్లను ఏరుకోవడం ఒక పద్ధతి. మోకాళ్లు వంచు, వీపు నిటారుగా ఉంచు అని నేర్పడం రెండోది. గోడల మీద ఆ బొమ్మల పోస్టర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. 1978లో స్నూక్, ఆయన సహచరులు ఈ పద్ధతులను నిజమైన దెబ్బల వివరాలతో సరిపోల్చి చూశారు. మనుషుల్ని ఏరుకున్న కంపెనీల్లోనూ, శిక్షణ ఇచ్చిన కంపెనీల్లోనూ నడుము దెబ్బలు తగ్గిన జాడ కనిపించలేదు. పనినే మనిషికి తగ్గట్టు మారిస్తే మాత్రం మూడింట ఒక వంతు దాకా తగ్గించవచ్చని వాళ్లు తేల్చారు. ఆ తర్వాత ఎందరో ఈ శిక్షణల మీద పరిశోధనలు చేశారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అవన్నీ కలిపి చూసిన సమీక్షను ప్రచురించింది. బరువెత్తే పద్ధతి నేర్పడం వల్ల నడుము నొప్పి ఆగుతుందనడానికి ఆధారం అందులోనూ దొరకలేదు.

ఇదే కాలంలో వెన్నెముకను ఇంకో వైపు నుంచి చూస్తున్నవాళ్లున్నారు. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ 1960లలో ఒక సాహసం చేశాడు. బతికున్న మనుషుల నడుము డిస్క్‌లోకి సన్నని సూది పంపి, నిలబడ్డప్పుడు, కూర్చున్నప్పుడు, వంగినప్పుడు లోపలి ఒత్తిడి ఎంతో కొలిచాడు. ముందుకు వంగి చేతిలో బరువు పట్టుకుంటే ఒత్తిడి ఎంత పెరుగుతుందో మొదటిసారి అంకెల్లో కనిపించింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాన్ చాఫిన్ ఆ లెక్కను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఏ భంగిమలో ఎంత బరువెత్తితే నడుము కింది డిస్క్ మీద ఎంత భారం పడుతుందో గణించే నమూనాలు తయారుచేశాడు.

ఆ భారం ఎందుకంత ఎక్కువో తెలియాలంటే పొలాల్లో ఏతం చూసినవాళ్లకు చెప్పడం తేలిక. పొడుగు కొసన నీళ్ల బాన, పొట్టి కొసన దాన్ని లేపే బరువు. పొట్టి కొస ఎంత పొట్టిదైతే అంత ఎక్కువ బరువు కావాలి. మన వీపు కండరాలు వెన్నెముకకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. చేతుల్లోని పెట్టె అర మీటరు ముందుకుందంటే దూరం పది రెట్లు. అంటే 10 కిలోల పెట్టెను నిలబెట్టడానికే కండరాలు 100 కిలోల బలంతో లాగాలి. వంగిన మొండెం బరువు అదనం. ఆ లాగుడంతా డిస్క్‌ను నొక్కుతుంది. చనిపోయినవారి వెన్నుపూసలను యంత్రాల్లో పెట్టి నొక్కి, అవి ఎంత దాకా ఓర్చుకుంటాయో చూసిన పరిశోధనలు అప్పటికే ఉన్నాయి. వాటిని బట్టి 3400 న్యూటన్లు, అంటే సుమారు 350 కిలోల భారం, దాటితే కొందరి వెన్నుకు ప్రమాదం మొదలవుతుందని గీత గీశారు.

మూడో దారి ఊపిరిది. రోజంతా పెట్టెలెత్తే మనిషి ఎంత ప్రాణవాయువు వాడుకుంటాడు, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుంది అన్నది కొలిచేవాళ్లు. చాఫిన్ దగ్గర చదివిన భారత సంతతి పరిశోధకుడు అరుణ్ గర్గ్ ఈ లెక్కలో పెద్ద చెయ్యి. ఏ పనికి ఎంత శక్తి ఖర్చవుతుందో అంచనా వేసే సూత్రాలు ఆయన ఇచ్చాడు.

అమెరికాలో 1970 నాటి కార్మిక భద్రతా చట్టం కింద నియాష్ అనే జాతీయ పరిశోధనా సంస్థ పుట్టింది. 1981లో అది ఈ దారులన్నిటినీ కలిపి, చేత్తో బరువెత్తే పనులకు ఒక మార్గదర్శిని వెలువరించింది. అందులోని సూత్రం 40 కిలోలతో మొదలవుతుంది. పెట్టె ఒంటికి దూరమయ్యే కొద్దీ, నేలకు దగ్గరయ్యే కొద్దీ, ఎత్తే సంఖ్య పెరిగే కొద్దీ ఆ 40 తగ్గుతూ పోతుంది. అయితే అది మనిషి ఎదురుగా ఉన్న బరువును రెండు చేతులతో నేరుగా ఎత్తే పనికే పనికొచ్చింది. నిజమైన గోదాములో ఎవరు నేరుగా ఎత్తుతారు? పక్కనుంచి తీసి, మెలితిరిగి ఇంకో పక్కన పెడతారు. పట్టుకోవడానికి పిడి ఉండదు, అట్ట జారుతుంటుంది.

1985లో నియాష్ నిపుణుల్ని కూర్చోబెట్టి సూత్రాన్ని తిరగరాయమంది. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. మూడు దారులూ ఒకే మాట చెప్పడం లేదు. వెన్ను లెక్క ప్రకారం బరువైన పెట్టెను అరుదుగా ఎత్తడం ప్రమాదం. ఊపిరి లెక్క ప్రకారం తేలికైన పెట్టెనైనా నేల మీదినుంచి పదేపదే ఎత్తడం ప్రమాదం, ఎందుకంటే ప్రతిసారీ పెట్టెతో పాటు సొంత ఒంటిని కూడా పైకి లేపాలి. స్నూక్ పెట్టెలో మనుషులు ఎంచుకున్న బరువులు ఈ రెంటికీ మధ్య ఎక్కడో తేలాయి. ఒకదాన్ని నమ్మి రెండు వదిలేయవచ్చు. సగటు తీయవచ్చు. కమిటీ రెండూ చేయలేదు. ఏ పనికైనా మూడింటిలో ఏది తక్కువ బరువు చెబితే దాన్నే పట్టుకుంది. ఈ కథలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే నిర్ణయం ఇదే. అనుమానం వచ్చిన ప్రతిచోటా లాభాన్ని సరుకుకు ఇవ్వకుండా మనిషికి ఇచ్చారు.

అలా 40 కిలోలు 23కు దిగాయి. థామస్ వాటర్స్, వెర్న్ పుట్జ్-ఆండర్సన్, అరుణ్ గర్గ్ తదితరులు 1991 నాటికి పూర్తిచేసిన ఆ సూత్రానికి 1994లో వివరమైన పుస్తకం వచ్చింది. 23 ఎందుకంటే, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు ఆ బరువు ఆడవాళ్లలో 75 శాతానికీ, మగవాళ్లలో 99 శాతానికీ సమ్మతమని స్నూక్ తరహా ప్రయోగాలు చెప్పాయి. బరువెత్తే పని మగవాళ్లదే అనుకుని వేసిన లెక్క కాదిది. పిల్లల్ని చూడ్డానికి అమెరికా విమానమెక్కే మన తల్లిదండ్రులకు ఈ అంకె బాగా తెలుసు. ఆవకాయ సీసా తీస్తూ పెడుతూ సూట్‌కేసును తూచుకునేది 23 దగ్గరే. అది దాటితే ఎయిర్‌పోర్టులో బరువైనదని ట్యాగు కట్టేది, లోపల దాన్ని ఎత్తే లోడర్ జాగ్రత్తపడాలనే.

అన్నీ అనుకూలం అన్న మాటలో చాలా ఉంది. పెట్టె ఒంటికి 25 సెంటీమీటర్లలోపు ఉండాలి. చేతులు నేలనుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున, అంటే వేళ్ల కణుపులు వేలాడే చోట ఉండాలి. పైకి లేపేది 25 సెంటీమీటర్లు మించకూడదు. మెలి తిరగకూడదు. పిడి బాగుండాలి. ఎప్పుడో ఒకసారి ఎత్తాలి. ఈ ఆరింటిలో ఏది తప్పినా 23ను ఒకటి కంటే చిన్న సంఖ్యతో గుణిస్తారు. సూత్రమంతా ఇంతే. హైస్కూలు పిల్లాడు చేయగల లెక్క. కావలసింది కొలిచే టేపు, గడియారం.

ఇక గోదాములోకి వెళ్దాం. అప్పటికి ఫోర్క్‌లిఫ్టులు వచ్చి చాలా కాలమైంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మిషిగన్‌లోని క్లార్క్ కంపెనీ తన ఫ్యాక్టరీలో సరుకు తిప్పుకోవడానికి చేసుకున్న మోటారు బండి, తర్వాతి దశాబ్దాల్లో ముందు రెండు పళ్లతో పైకి లేపే యంత్రంగా మారింది. చెక్క ప్యాలెట్ దానికి జోడైంది. 1931లో ఒక రైల్వే పత్రిక రాసిన లెక్క ప్రకారం, విడివిడిగా నింపిన 13,000 డబ్బాల పెట్టెలను రైలు పెట్టె నుంచి దించడానికి మూడు రోజులు పట్టేది. ప్యాలెట్ల మీద పేర్చి తెస్తే నాలుగు గంటల్లో అయిపోయింది. ఎందరి నడుముల్నో కాపాడిన చెక్కలవి.

కానీ ప్యాలెట్ గోదాములోకి నిండుగా వస్తుంది, నిండుగా బయటికి పోదు. ఒక్కో కిరాణా షాపుకు ఇది నాలుగు పెట్టెలు, అది రెండు పెట్టెలు అని ఏరి, కొత్త ప్యాలెట్ మీద పేర్చి పంపాలి. యంత్రం ఎత్తి తెచ్చిన దొంతరను మనిషి మళ్లీ ఒక్కొక్క పెట్టెగా విడగొడతాడు. మొత్తం పనిలో యంత్రానికి లొంగకుండా మిగిలిపోయిన ముక్క అది. అందుకే 1990ల మొదట్లో నియాష్ పరిశోధకులు ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని ఒక కిరాణా గోదాముకు తమ కొత్త సూత్రాన్ని పట్టుకెళ్లారు. పెట్టెలు ఏరేవాళ్ల వెంట తిరిగి దూరాలు కొలిచారు, బరువులు తూచారు, గుండె వేగం చూశారు. నడుముకు పెద్ద ముప్పున్న పని అని వాళ్ల నివేదిక తేల్చింది. ఒక్కో ఆర్డర్‌ను ఎన్ని నిమిషాల్లో పూర్తిచేయాలో ముందే కట్టిన కాలపట్టిక మనిషిని తరుముతోందనీ, పని వేగం అతని చేతిలో లేదనీ ఎత్తిచూపింది.

అలాంటి చోట ఒక పెట్టెను దగ్గరగా చూద్దాం. ఇది నేను వేసిన లెక్క, సూత్రం మాత్రం వాళ్లదే. 12 కిలోల నూనె డబ్బాల అట్టపెట్టె. పెద్దవాడికి అది బరువే కాదంటాం. ప్యాలెట్ మీద అడుగు వరుసలో, అవతలి అంచున ఉంది. అందుకోవాలంటే చేతులు ఒంటికి అర మీటరు ముందుకు చాపాలి. 23 అక్కడే సగమై 11.5 అయింది. చేతులు నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయి, దాంతో 9.6. అక్కణ్నుంచి 80 సెంటీమీటర్లు పైకి లేపాలి, 8.4. పక్కనున్న బండి మీద పెట్టడానికి 45 డిగ్రీలు తిరగాలి, 7.2. అట్టకు సరైన పిడి లేదు, 6.8. నిమిషానికి నాలుగు చొప్పున ఎనిమిది గంటల షిఫ్టు, ఇక్కడ 0.45తో గుణించాలి. మిగిలింది 3 కిలోలు.

ఆ మనిషి 3 కిలోలు ఎత్తాల్సిన చోట 12 కిలోలు ఎత్తుతున్నాడు. నాలుగు రెట్లు. అసలు బరువుకూ, సిఫారసు చేసిన బరువుకూ మధ్య ఈ నిష్పత్తి ఒకటి దాటితే ప్రమాదం పెరగడం మొదలైనట్టు. మూడు దాటితే చాలామందికి నడుము దెబ్బతినే ముప్పు ఉన్నట్టు నియాష్ లెక్క.

ఇప్పుడు ఆ ప్యాలెట్‌ను స్ప్రింగుల మీద నిలిచి గుండ్రంగా తిరిగే బల్ల మీదికి ఎక్కించండి. బరువు తగ్గేకొద్దీ బల్ల దానంతటదే పైకి లేస్తుంది. అవతలి అంచు కావాలంటే మనిషి వంగక్కర్లేదు, బల్లను తిప్పితే పెట్టె అతని దగ్గరికే వస్తుంది. ఒంటికి 30 సెంటీమీటర్లు, ఎత్తు 75, లేపేది 25, మెలిక లేదు. అదే మనిషి, అదే పెట్టె, నిమిషానికి అవే నాలుగు. సిఫారసు 3 కిలోల నుంచి 8.6కు పెరిగింది. నాలుగు రెట్లున్న ప్రమాదం 1.4కు దిగింది. వేగాన్ని కూడా నిమిషానికి ఒకటికి తగ్గిస్తే సిఫారసు 14.4 కిలోలు అవుతుంది, 12 కిలోల పెట్టె అప్పుడు గీతకు లోపలికి వస్తుంది. అదే వేగం తగ్గింపు వంగి ఎత్తే పాత పద్ధతిలో చేస్తే 5 కిలోలే వస్తుంది. ఎవరి వీపుకూ పాఠం చెప్పలేదు. బల్ల మారింది, వేగం మారింది.

కొలంబస్‌లోనే ఉన్న ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో విలియం మారస్ ఇంకో మెట్టు ఎక్కాడు. నియాష్ సూత్రం పెట్టె ఎక్కడుందో చూస్తుంది, మొండెం ఎంత విసురుగా కదిలిందో చూడదు. వీపుకు తగిలించుకునే వెన్నెముక లాంటి పరికరాన్ని మారస్ బృందం తయారుచేసింది. కార్మికుడు పని చేస్తుంటే నడుము ఎటు ఎంత వేగంగా తిరిగిందో అది నమోదు చేస్తుంది. 48 కంపెనీల్లో 400కు పైగా పనులను దాంతో కొలిచి 1993లో ఫలితాలు ప్రచురించారు. పక్కకు వంగే వేగం, మెలితిరిగే వేగం ఎక్కువున్న పనుల్లో నడుము దెబ్బలు ఎక్కువ. తొందర అనేది మనసుకు సంబంధించిందే కాక, డిస్క్‌కు కూడా సంబంధించిందని అలా లెక్కతో తేలింది. తర్వాత వాళ్లు గోదాము పెట్టెల మీద చేసిన పరిశోధనలో, అట్టపెట్టెకు చేతులు దూర్చే కంతలు పెడితే వెన్ను మీద భారం తగ్గుతుందనీ, అడుగు వరుసలో ఆ మేలు మరీ ఎక్కువనీ కనిపించింది. రెండు కంతలు. అట్ట కోసేటప్పుడే పడిపోతాయి.

ఈలోగా అమెరికన్ గోదాముల్లో, దుకాణాల్లో ఇంకో వస్తువు వెల్లువలా వచ్చింది. నడుముకు బిగించే వెడల్పాటి బెల్టు. చవక, కంటికి కనిపిస్తుంది, యజమాని ఏదో చేశాడని చూపించుకోవచ్చు. 1994లో నియాష్ ఆధారాలన్నీ తిరగేసి, దెబ్బలేని మనిషికి ఈ బెల్టు రక్షణ ఇస్తుందనడానికి తగిన రుజువు లేదంది. 2000లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం 30 రాష్ట్రాల్లోని 160 దుకాణాల్లో సరుకులెత్తే 9,377 మందిని పరిశీలించింది. రోజూ బెల్టు కట్టుకున్నవాళ్లకూ కట్టుకోనివాళ్లకూ నడుము నొప్పిలో తేడా లేదు. మన దగ్గర ఇప్పుడు కొత్త గోదాముల్లో ఈ బెల్టులు పంచిపెట్టడం చూస్తుంటే బాధేస్తుంది. ఆ డబ్బుతో ఒక తిరిగే బల్ల కొంటే ఎన్ని నడుములు నిలుస్తాయో!

సూత్రం చట్టమయ్యే రోజు కూడా దాదాపు వచ్చింది. 2000 నవంబరులో అమెరికా కార్మిక భద్రతా శాఖ, ఇలాంటి పనుల ప్రమాదాన్ని అంచనా వేసి తగ్గించడం యజమాని బాధ్యతని నిబంధన తెచ్చింది. కొత్త ప్రభుత్వం వచ్చాక, 2001 మార్చిలో అక్కడి పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. వెన్ను గురించి 40 ఏళ్లు పోగుచేసిన జ్ఞానం మళ్లీ సలహా స్థాయికి పడిపోయింది. యూరప్ దేశాలు మాత్రం 1990లోనే చేత్తో బరువెత్తే పనుల మీద ఉమ్మడి ఆదేశం తెచ్చుకుని ముందుకెళ్లాయి.

తర్వాత ఆన్‌లైన్ కొనుగోళ్ల కాలం వచ్చింది. 2003లో మిక్ మౌంట్జ్ స్థాపించిన కివా సిస్టమ్స్, అల్మరాలనే మోసుకొచ్చే చిన్న రోబోలను తయారుచేసింది. 2012లో అమెజాన్ ఆ కంపెనీని 77.5 కోట్ల డాలర్లకు కొనేసింది. రోజూ మైళ్ల కొద్దీ నడిచే ఏరేవాళ్లకు ఆ నడక తప్పింది. కానీ నడిచేటప్పుడు నడుముకు దొరికే విరామం కూడా పోయింది. అల్మరా తర్వాత అల్మరా వచ్చి నిలబడుతుంటే నిమిషానికి తీసే వస్తువుల సంఖ్య పెరిగింది. రోబోలున్న గోదాముల్లోనే దెబ్బల రేటు ఎక్కువుందని, ఆ కంపెనీ లోపలి రికార్డుల ఆధారంగా 2020లో రివీల్ అనే పరిశోధనా వార్తాసంస్థ బయటపెట్టింది. కంపెనీ ఆ వాదనను ఒప్పుకోలేదు. సూత్రం చేతిలో ఉన్నవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. నిమిషానికి ఎన్నిసార్లు అన్నది ఆరు గుణకాల్లో ఒకటి, అది మిగతా అయిదింటి లాభాన్నీ మింగగలదు.

వేగం మీద చట్టం చివరికి కాలిఫోర్నియాలో వచ్చింది. లొరెనా గొంజాలెజ్ ప్రవేశపెట్టిన బిల్లు 2021 సెప్టెంబరులో చట్టమై, 2022 జనవరి 1 నుంచి అమలైంది. గోదాములో కార్మికుడికి గంటకు ఎంత పని కోటా పెట్టారో రాతపూర్వకంగా చెప్పాలి. భోజనానికీ, విశ్రాంతికీ, మరుగుదొడ్డికీ సమయం దొరకనంత కోటా పెట్టకూడదు. మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మరుగుదొడ్డికి వెళ్లే హక్కును చట్టంలో రాయాల్సి రావడం మనసును కలచివేసే విషయమే. అయినా కొలంబస్ నివేదిక కాలపట్టిక గురించి చెప్పిన మాటకు 30 ఏళ్ల తర్వాత దొరికిన జవాబు అది.

మన గోదాముల దగ్గరికి వస్తే, ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు పట్టుకురాలేం. అది రెండు చేతులతో, నిలబడి ఎత్తే పనికి రాసింది. తల మీదా వీపు మీదా మోత దాని పరిధిలో లేదు. మన హమాలీ పని తీరే వేరు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, మూడోవాడి వీపు మీదికి బస్తాను ఎక్కిస్తారు. అతను ముందుకు వంగి, ఒక చేత్తో కొక్కెం పట్టుకుని, దొంతరకు ఆనించిన చెక్క మీదుగా పైకి నడిచి దించుతాడు. పూర్వం బియ్యం, చక్కెర క్వింటా బస్తాల్లో వచ్చేవి. ఇప్పుడు ధాన్యానికి 50 కిలోల గోనె మామూలైంది. ఆంధ్రలో వడ్ల దిగుబడి లెక్క ఇప్పటికీ 75 కిలోల బస్తాల్లోనే చెప్పుకుంటారు. చేత్తో ఎత్తేచోట మేలైన పరిస్థితుల్లో 23 అంటున్న అంకె పక్కన వీటిని పెట్టి చూస్తే గుండె బరువెక్కుతుంది. 1967లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ, వయసొచ్చిన మగమనిషి ఒక్కడు మోసే బరువు 55 కిలోలు దాటుతుంటే తగ్గించే చర్యలు తీసుకోవాలని సిఫారసు చేసింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ కూడా దెబ్బ తగిలేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదంది. ఆ బరువెంతో నిర్ణయించే పని రాష్ట్రాలకు వదిలింది.

బస్తా బరువు మార్చడం అయ్యే పని కాదని అంటుంటారు. యూరియా బస్తా 2018లో 50 నుంచి 45 కిలోలకు తగ్గింది, రైతు ఎరువు తక్కువ వాడతాడని. 2022 జూలైలో, 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేసేసరికి, మన మిల్లర్లు 26 కిలోల బస్తాలు కుట్టించి అమ్మారు. సంచులు మారాయి, తూకం యంత్రాలు మారాయి, ముద్రణ మారింది, ఏ వ్యాపారమూ ఆగలేదు. ఎరువు కోసం, పన్ను కోసం మారినవే ఇవి. హమాలీ నడుము కోసం కూడా మారాలని అడగడానికి ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు.

హమాలీలే ఒక అనుమానం లేవనెత్తుతారు, అది న్యాయమైన అనుమానం. బస్తా సగమైతే బస్తాల సంఖ్య రెట్టింపవుతుంది, తిప్పలు అవే కదా అని. చేత్తో ఎత్తేచోట దానికి సూత్రం జవాబు చెబుతుంది. నిమిషానికి రెండుసార్లు ఎత్తే బరువును సగం చేసి నాలుగుసార్లు ఎత్తించారనుకుందాం. ఎనిమిది గంటల షిఫ్టులో వేగం గుణకం 0.65 నుంచి 0.45కు పడుతుంది. బరువు మాత్రం పూర్తిగా సగమైంది. రెండూ కలిపి చూస్తే ప్రమాదం నిష్పత్తి 28 శాతం తగ్గుతుంది. రోజుకు మోసిన సరుకు అంతే. ఇక మిగిలేది కూలి లెక్క. బస్తాకింత అని ఉన్నచోట క్వింటాకింత అని రాసుకోవాలి, లేకపోతే చిన్న బస్తా పేరుతో రేటుకు కోతపడుతుంది. గోదాముల దగ్గర రేట్ల ఒప్పందాలు తిరగరాసేటప్పుడు హమాలీ సంఘాలు ముందుగా పట్టుబట్టాల్సిన షరతు ఇదే.